కోత తరువాతి కథ: బరువు తగ్గించే శస్త్రచికిత్సలూ, ఎండోస్కోపూ

స్థూలకాయం తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నవారు ఇరవై ఏళ్ళ క్రితం మన జిల్లా కేంద్రాలలో అరుదు. ఇప్పుడు అరుదు కాదు. ఆ ఆపరేషన్ ఎవరికి అవసరం, ఎంత ఖర్చవుతుంది, ఎన్ని కిలోలు తగ్గుతారు అన్న విషయాల మీద సమాచారం దండిగా దొరుకుతుంది. ఆపరేషన్ జరిగిన కొన్ని నెలలకో, పదేళ్ళకో తలెత్తే చిక్కుల గురించి మాత్రం మాట్లాడేవారు తక్కువ. ఆ చిక్కులలో చాలావాటిని ఈనాడు మళ్ళీ పొట్ట కోయకుండా నోటి గుండా గొట్టం పంపి సరిదిద్దుతున్నారు. ఆ విద్య ఎలా పుట్టిందో ఈ వ్యాసంలో చెబుతాను. దానికి ముందు నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి.

ఉద్యోగ విరమణ చేసిన మూడేళ్ళకు, మా ఊళ్ళోని ఒక చిన్న ఆసుపత్రిలో ఉదయం పూట రోగులను చూస్తూ ఉండేవాడిని. నలభై ఏళ్ళ గృహిణి ఒకామెను ఆమె అత్తగారు తీసుకువచ్చారు. మూడు వారాలుగా ఏది తిన్నా వాంతి, చివరకు మంచినీళ్ళు కూడా నిలవడం లేదు. పొట్ట మీద నాలుగైదు చిన్న మచ్చలున్నాయి. "ఇవేమిటమ్మా?" అని అడిగితే, "అయిదు నెలల క్రితం పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ అయింది డాక్టరుగారూ" అని తల వంచుకుని చెప్పింది. నేను నమ్మాను. నీరసంగా ఉందని గ్లూకోజు సెలైన్లు ఎక్కించమని రాశాను. మరునాటి సాయంత్రానికి ఆమెకు ఒక వస్తువు రెండుగా కనబడసాగింది, కనుగుడ్లు అదురుతున్నాయి, లేచి నిలబడితే తూలుతోంది. అక్కడికి వచ్చే యువ వైద్యుడొకరు అత్తగారిని బయటకు పంపి, మెల్లగా అడిగి అసలు విషయం రాబట్టారు. ఆమె వేరే నగరంలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంది. భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. తిండి తగ్గించుకోలేక కోయించుకుందని నలుగురూ నవ్వుతారన్న భయంతో పిత్తాశయం పేరు చెప్పింది.

వారాల తరబడి వాంతులైన మనిషి శరీరంలో థయమిన్, అంటే బి1 విటమిను, నిల్వలు ఖాళీ అవుతాయి. ఆ స్థితిలో గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. ముందు థయమిన్, ఆ తరువాతే గ్లూకోజు అన్నది విద్యార్థి దశలో నేర్చుకున్న పాఠమే. మద్యపానం చేసేవారి విషయంలో నేను దానిని ఎన్నడూ మరువలేదు. ఈమె విషయంలో తోచలేదు. సిరల ద్వారా పెద్ద మోతాదులో థయమిన్ ఇచ్చిన తరువాత చూపు కుదుటపడింది, నడక సరికావడానికి మాత్రం నెలలు పట్టింది. వాంతులకు మూలకారణం ఎక్కడుందో, దానిని ఎలా తొలగించారో తరువాత చెబుతాను. అది అర్థం కావాలంటే ఆ ఆపరేషన్ పుట్టుక తెలియాలి.

బరువు తగ్గించడం కోసమే చేసిన శస్త్రచికిత్సలకు చరిత్రకారులు సాధారణంగా 1954ను ఆరంభంగా చూపుతారు. అమెరికాలోని మిన్నెసోటాలో క్రెమెన్, లిన్నర్, నెల్సన్ అనే వైద్యులు చిన్నప్రేగులో ఏ భాగం ఏ పోషకాన్ని గ్రహిస్తుందో కుక్కలలో పరిశోధిస్తూ, ఆ సంవత్సరం ఒక పత్రం ప్రకటించారు. ప్రేగులో అధికభాగాన్ని దారి నుండి తప్పిస్తే తిన్నది ఒంటికి పట్టదు కదా అన్న ఆలోచన దానితో ఊపందుకుంది. 1969లో పేన్, డివిండ్ అనే శస్త్రవైద్యులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో, సుమారు ఆరు మీటర్ల చిన్నప్రేగులో మొదటి పద్నాలుగు అంగుళాలనూ చివరి నాలుగు అంగుళాలనూ కలిపి కుట్టి, మిగిలినదంతా పనిలేకుండా వదిలేసేవారు. బరువు నిశ్చయంగా తగ్గేది. కొన్నేళ్ళకు మూత్రపిండాలలో ఆక్సలేటు రాళ్ళు, కీళ్ళ వాపులు, ఆగని విరేచనాలు, కొందరిలో కాలేయం పూర్తిగా చెడిపోవడం మొదలయ్యాయి. 1980 ప్రాంతానికి ఆ ఆపరేషన్‌ను వదిలిపెట్టారు. అప్పటికే చేయించుకున్న వేలమందిలో చాలామందికి మళ్ళీ పొట్ట కోసి ప్రేగును యథాస్థానంలో కలపవలసి వచ్చింది. ఆనాడు వేరే దారి లేదు.

రెండవ దారి అయోవా విశ్వవిద్యాలయంలో తెరుచుకుంది. ఎడ్వర్డ్ మేసన్ అనే శస్త్రవైద్యుడు ఒక సాధారణ విషయాన్ని గమనించారు. అల్సరుకు జీర్ణాశయంలో కొంత భాగం తీసివేయించుకున్నవారు ఆ తరువాత లావెక్కడం లేదు. అల్సరు వార్డులో ఇది దుష్ఫలితం. స్థూలకాయులకు ఇదే చికిత్స ఎందుకు కాకూడదు? 1966లో ఆయన, చికాషి ఇటో కలిసి జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచిని వేరుచేసి, దానికి చిన్నప్రేగును తెచ్చి అతికించారు. మరుసటి ఏడాది దానిని ప్రకటించారు. అదే గ్యాస్ట్రిక్ బైపాస్. 1977లో గ్రిఫెన్ బృందం ఆ అతుకును ఆంగ్లాక్షరం 'వై' ఆకారంలోకి మార్చింది. స్విట్జర్లాండుకు చెందిన సెజార్ రూ పందొమ్మిదవ శతాబ్దం చివరలో వేరే అవసరానికి కనిపెట్టిన కుట్టు అది. పైత్యరసం సంచిలోకి ఎదురు తన్నకుండా అది కాపాడుతుంది.

ఈ భాగం చదువుతుంటే నాకు మా హౌస్ సర్జన్ రోజులు గుర్తుకు వస్తాయి. 1970లలో మన ప్రభుత్వ ఆసుపత్రుల సర్జరీ వార్డులలో ఆంత్రమూలపు అల్సరు రోగులే ఎక్కువ. దారి మూసుకుపోయి, నిన్న తిన్న అన్నం ఇవాళ వాంతి చేసుకుంటూ, ఎముకల గూళ్ళలా వచ్చేవారు. వేగస్ నాడిని కోసి, జీర్ణాశయానికి ప్రేగును అతికించేవాళ్ళం. వార్డులో అందరూ దానిని 'జీ.జే.' అనేవారు. కొన్నేళ్ళకు వారిలో కొందరు మళ్ళీ వచ్చేవారు. సరిగ్గా అతుకు దగ్గరే కొత్త పుండు పడేది. ఎందుకంటే, చిన్నప్రేగు ఆమ్లానికి అలవాటు పడిన అవయవం కాదు. మా వద్ద ఎండోస్కోపు లేదు. బేరియం తాగించి, ఎక్స్‌రే తీసి, ఊహించి, మళ్ళీ కోసేవారు. పుండ్లకు మూలమైన సూక్ష్మజీవిని 1980లలో మార్షల్, వారెన్ బయటపెట్టిన తరువాత ఆ వార్డులు ఖాళీ అయ్యాయి. అతుకు పుండు కూడా పాఠ్యపుస్తకాలకే పరిమితమవుతుందని అనుకున్నాం. అది గ్యాస్ట్రిక్ బైపాస్ వెంట మళ్ళీ వచ్చింది.

ఇక లోపలికి చూసే గొట్టం కథ. 1868లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో కుస్‌మౌల్ అనే వైద్యుడు కత్తులు మింగే గారడీవాడి సహాయంతో బిరుసైన గొట్టాన్ని జీర్ణాశయంలోకి దింపి చూశారు. 1932లో షిండ్లర్ కొంత వంగే గొట్టాన్ని తయారుచేయించారు. నిజమైన మలుపు 1954లో వచ్చింది. లండన్‌లో హెరాల్డ్ హాప్‌కిన్స్, ఆయన విద్యార్థి నరీందర్ సింగ్ కపానీ గాజు తీగల కట్ట గుండా బొమ్మను ఒక కొన నుండి మరొక కొనకు పంపవచ్చని చూపారు. కపానీ పంజాబులోని మోగాలో పుట్టినవారు. 2021లో, మరణానంతరం, పద్మవిభూషణ్ లభించింది. ఆ పత్రం చదివిన బేసిల్ హిర్షోవిట్జ్ అనే వైద్యుడు లండన్ వెళ్ళి వారిని కలిసి, మిషిగన్ తిరిగి వచ్చి, సహచరులతో కలిసి మెత్తగా వంగే ఎండోస్కోపును నిర్మించారు. 1957లో దానిని ముందుగా తానే మింగి చూశారు. ఆ తరువాతే రోగికి వాడారు.

అంటే మిన్నెసోటాలో ప్రేగును దారి మళ్ళించే పత్రమూ, లండన్‌లో గాజు తీగల పత్రమూ వెలువడినది ఒకే సంవత్సరంలో. ఈ రెండు విద్యలూ ఒకదాని ఊసు మరొకదానికి లేకుండా ముప్పై ఏళ్ళు పెరిగాయి. కోసేవారు సర్జన్లు, చూసేవారు ఫిజీషియన్లు. ఎండోస్కోపులోని సన్నని కాలువ గుండా పనిముట్లు పంపడం వచ్చాకనే అది కంటి స్థానం నుండి చేతి స్థానానికి ఎదిగింది. 1974లో జపానులోనూ జర్మనీలోనూ వైద్యులు దాదాపు ఒకే సమయంలో పిత్తనాళపు ద్వారాన్ని లోపలి నుండి కోసి రాళ్ళు తీశారు. 1977లో జూరిక్‌లో గ్రూంట్‌జిగ్ బెలూన్‌తో గుండె రక్తనాళాన్ని వెడల్పు చేశారు. మనవారందరికీ పరిచితమైన యాంజియోప్లాస్టీ అదే. అటువంటి బెలూన్లే, కొంచెం లావువి, జీర్ణనాళంలోకీ వచ్చాయి.

ఇప్పుడు ఆ గృహిణి దగ్గరకు వద్దాం. బైపాస్‌లో సంచికీ ప్రేగుకూ మధ్య అతుకు ద్వారాన్ని కావాలనే ఇరుకుగా, సుమారు పది పన్నెండు మిల్లీమీటర్లు ఉండేటట్లు కుడతారు. గాయం మానేటప్పుడు కొందరిలో మచ్చ కణజాలం బిగుసుకుని ఆ ద్వారం ఇంకా సన్నబడుతుంది. ఆమెకు నగరంలో ఎండోస్కోపీ చేసినప్పుడు అక్కడ పెన్సిలు మొన పట్టేటంత రంధ్రమే మిగిలి ఉంది. గొట్టపు కాలువ గుండా ముడిచిన బెలూన్‌ను ఆ రంధ్రంలోకి దూర్చి, నీటితో ఉబ్బించారు. ఒక్కసారిగా పూర్తి వెడల్పుకు సాగదీస్తే చిరిగిపోయే ప్రమాదం ఉంది కనుక, మొదట కొంత, రెండు వారాల తరువాత మరికొంత. మొదటి రోజునే ఆమె గ్లాసుడు మజ్జిగ నిలుపుకున్నది. ఒకటి రెండు విడతలతో చాలామందికి నయమయ్యే చిక్కు ఇది. దానికోసం ఆమె మెదడు దాకా ముప్పు తెచ్చుకున్నది. ముప్పు తెచ్చిపెట్టినవారిలో నేనూ ఉన్నాను.

అతుకు పుండు విషయం మరోలా ఉంటుంది. ఇది ఏ ఏడాదైనా రావచ్చు. పొగతాగడమూ, కీళ్ళనొప్పులకు దుకాణంలో కొని వేసుకునే మాత్రలూ దీనికి ప్రధాన శత్రువులు. ఎండోస్కోపుతో పుండును చూడటమే కాక, రక్తం కారుతుంటే ఆపవచ్చు. పుండు మధ్యలో పాత కుట్టుదారం ముల్లులా నిలిచి ఉంటే కత్తిరించి తీయవచ్చు. మందులో ఒక చిన్న కిటుకు ఉంది. ఆమ్లాన్ని తగ్గించే క్యాప్సూల్ కరిగి పనిచేయాలంటే కొంత సమయం పడుతుంది. బైపాస్ రోగిలో సంచి చిన్నది, ప్రేగు పొట్టిది. క్యాప్సూల్ పూర్తిగా కరగకముందే దాటిపోవచ్చు. 2017లో బోస్టన్ వైద్యులు ప్రకటించిన పరిశీలనలో, క్యాప్సూల్‌ను విప్పి లోపలి గుళికలను తీసుకున్నవారికి పుండు మానడానికి మధ్యస్థంగా 91 రోజులు పడితే, క్యాప్సూల్‌ను అలాగే మింగినవారికి 342 రోజులు పట్టింది. అయితే పాఠకులు సొంతంగా ప్రతి క్యాప్సూలునూ విప్పుకోకూడదు. కొన్ని మందులను విప్పితే పాడవుతాయి. మీ వైద్యుని అడగండి.

జీర్ణాశయం చుట్టూ సిలికాన్ పట్టీ బిగించే పద్ధతి ఒకటి 1990లలో యూరప్‌లో, 2001లో అనుమతి లభించాక అమెరికాలో బాగా వ్యాపించింది. బెల్జియంలో స్థిరపడిన ఇథియోపియా వైద్యుడు మిటికు బెలాచ్యూ 1993లో దానిని లాపరోస్కోపు ద్వారా అమర్చారు. కోత లేదు, అతుకు లేదు, వద్దనుకుంటే తీసేయవచ్చు అని అందరూ మెచ్చారు. కొన్నేళ్ళకు కొందరిలో పట్టీ జీర్ణాశయపు గోడను ఒరుసుకుంటూ లోపలికే వచ్చేసింది. దానిని నోటి ద్వారా తీగతో తెంపి బయటకు లాగడం నేర్చుకున్నారు. పట్టీల వాడకం ఈనాడు బాగా తగ్గింది కనుక దీని గురించి ఇంతకన్నా చెప్పను.

ఇప్పుడు ప్రపంచంలోనూ మనదేశంలోనూ ఎక్కువగా జరుగుతున్నది స్లీవ్ అనే పద్ధతి. జీర్ణాశయంలో అధికభాగాన్ని నిలువునా కోసి తీసివేసి, చొక్కా చేయిలా సన్నని గొట్టాన్ని మిగులుస్తారు. ఆ గొట్టం మధ్యలో మెలిక తిరిగితే ఆహారం దిగదు. అక్కడ పెద్ద బెలూన్, అంటే ముప్పై మిల్లీమీటర్లదో అంతకు మించినదో, కావాలి. అంతకన్నా క్లిష్టమైనది పైకొన దగ్గర కుట్లు కారడం. సాధారణంగా మొదటి వారాలలోనే బయటపడుతుంది. కొందరిలో మాత్రం విభాజక పటలం కింద చీము గూడు కట్టి, నెలల తరువాత ఊపిరితిత్తిలోకి దారి చేసుకుంటుంది. అటువంటి రోగి దగ్గుతూ వస్తాడు, కడుపు నొప్పితో కాదు. మన దేశంలో నెలల తరబడి దగ్గు అంటే ముందుగా క్షయ స్ఫురిస్తుంది, స్ఫురించవలసిందే. కానీ పాత ఆపరేషన్ సంగతి తెలియకపోతే అక్కడే ఆగిపోతాం. మొదట్లో ఆ రంధ్రానికి అడ్డంగా లోహపు స్టెంట్లు పెట్టేవారు. అవి జారిపోయేవి. తరువాత ఆలోచన తలకిందులైంది. రంధ్రాన్ని మూయడానికి తొందరపడకుండా, చీమును జీర్ణాశయంలోకే కారేటట్లు రెండు కొనలూ చుట్టుకుపోయిన సన్నని ప్లాస్టిక్ గొట్టాలు పెట్టడం ఫ్రాన్సులో వ్యాపించింది. చీము గూటికీ జీర్ణాశయానికీ మధ్య ఉన్న గోడను లోపలి నుండి కోసి, దిగువ ఇరుకును బెలూన్‌తో సాగదీయడం బ్రెజిల్ వైద్యులు నేర్పారు. చీము నిలవ ఉంటే గాయం మానదు, దానికి దారి చూపాలి అని మా గురువులు గడ్డలు కోసేటప్పుడు చెప్పిన మాటే ఇది. కోత మాత్రం లోపలి నుండి పడింది.

పిత్తనాళపు రాళ్ళ సమస్య నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడతాయి. అవి నాళంలోకి జారితే కామెర్లు వస్తాయి. మామూలు మనిషిలో ఎండోస్కోపును జీర్ణాశయం దాటించి ఆంత్రమూలం చేరితే నాళపు ద్వారం ఎదురుగా ఉంటుంది. బైపాస్ అయినవారిలో ఆ పాత దారి మూసి ఉంది. గొట్టం 'వై'లోని ఒక కొమ్మ వెంట కిందికి దిగి, కూడలి దగ్గర మలుపు తిరిగి, రెండవ కొమ్మలో పైకి ఎక్కాలి. జపాను వైద్యుడు యమమోటో 2001లో ప్రకటించిన జంట బెలూన్ల ఎండోస్కోపు ప్రేగును చొక్కా చేతిలా మడుచుకుంటూ అంత దూరం వెళ్ళగలిగింది, కానీ ప్రతిసారీ కాదు. 2014లో న్యూయార్క్ వైద్యులు వేరే ఉపాయం ప్రకటించారు. పైసంచి నుండి అల్ట్రాసౌండ్ సాయంతో, పక్కనే నిరుపయోగంగా పడి ఉన్న పాత జీర్ణాశయంలోకి లోహపు స్టెంటుతో ద్వారం తెరిచి, ఆ ద్వారం గుండా మామూలు ఎండోస్కోపును పాత దారినే పంపారు. పని ముగిశాక స్టెంటు తీసి ద్వారాన్ని మూస్తారు. సర్జను మూసిన తలుపును తాత్కాలికంగా తెరవడమన్న మాట. తెరిచి ఉంచితే తగ్గిన బరువు తిరిగి రావచ్చు కనుక మూసివేతను నిర్లక్ష్యం చేయరాదు.

చివరి చిక్కు పోయిన బరువు తిరిగి రావడం. ఏళ్ళు గడిచేకొద్దీ కొందరిలో అతుకు ద్వారం సాగిపోతుంది. ఆహారం నిలవకుండా దిగిపోతుంది, త్వరగా ఆకలి వేస్తుంది. లోపలి నుండి కుట్లు వేసి దానిని బిగించగలిగితే బాగుంటుంది. కానీ కుట్టే పనిముట్టు ఎక్కడిది? ఇక్కడ మన హైదరాబాదు ప్రస్తావన వస్తుంది. 2004లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు, నోటి ద్వారా వెళ్ళి జీర్ణాశయపు గోడకు రంధ్రం చేసి పొట్ట లోపలికి ప్రవేశించవచ్చని పందులలో చేసి చూపారు. ఆ రోజులలోనే హైదరాబాదులో డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి, డాక్టర్ జి.వి. రావు ఆ మార్గంలో మనిషికి అపెండిక్స్ తొలగించి ప్రపంచ వైద్యుల దృష్టిని ఆకర్షించారు. మచ్చలేని శస్త్రచికిత్సల యుగం వచ్చిందని అప్పట్లో పత్రికలు రాశాయి. అది రాలేదు. కానీ గోడకు రంధ్రం చేసినవాడు దానిని కుట్టక తప్పదు కదా, కుట్టే సాధనాల కోసం అప్పుడు జరిగిన కృషి వృథా పోలేదు. ఎండోస్కోపు కొనకు అమర్చే వంపుసూది వాడుకలోకి వచ్చింది. సాగిన అతుకును బిగించడానికి దానిని ఎక్కువగా వాడారు.

ఫలితాన్ని ఉన్నదానికన్నా పెంచి చెప్పను. అంతకుముందు తరపు కుట్టు పరికరంతో జరిపి 2013లో ప్రకటించిన ఒక పోల్చి చూసే ప్రయోగంలో, కుట్లు పడినవారు ఆరు నెలలలో తమ బరువులో సుమారు 3.5 శాతం తగ్గారు; గొట్టం మాత్రమే వేసి కుట్లు వేయనివారు 0.4 శాతం తగ్గారు. తేడా నిజమైనదే, అద్భుతం కాదు. పరికరాలు తరువాత మెరుగయ్యాయి. 2022 జూలైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ పనికి ప్రత్యేకంగా ఒక కుట్టు పరికరాన్ని అనుమతించింది. అయినా అతుకు సాగడం ఒక్కటే బరువు పెరగడానికి కారణం కాదు. తిండి తీరు, నిస్పృహ, కొన్ని మందులు, ఇవన్నీ చూడకుండా సూది పట్టేవారి వద్దకు వెళ్ళవద్దని నా సలహా.

ఆపరేషన్ చేయించుకున్నవారు ఈ వ్యాసం చదువుతుంటే ఒక పని చేయండి. మీకు జరిగిన ఆపరేషన్ పేరు, తేదీ, ఏ భాగాన్ని దేనికి అతికించారో చూపే చిన్న బొమ్మ మీ సర్జను చేత ఒక కాగితం మీద వేయించుకోండి. పంటి నొప్పికి వెళ్ళినా దానిని వైద్యునికి చూపండి. వాంతులు రెండు మూడు రోజులకు మించి ఆగకపోతే, నల్లని విరేచనం అయితే, జ్వరంతో కూడిన దగ్గు నెలల పాటు వదలకపోతే, కామెర్లు కనిపిస్తే, ఆ కాగితంతోనే ఆసుపత్రికి వెళ్ళండి. సెలైను పెట్టేవారిని బి1 ఇచ్చారా అని అడగండి. నన్ను అడిగి ఉంటే నాకు కోపం వచ్చేదేమో, అయినా అడగవలసిందే.

ఆ గృహిణి ఇప్పటికీ సంవత్సరానికి ఒకసారి రక్తపరీక్షల కాగితాలు చూపించడానికి మా ఇంటికి వస్తుంది. ఈసారి వచ్చినప్పుడు అత్తగారు కూడా వెంట ఉన్నారు. బొమ్మ ఉన్న కాగితాన్ని చేతిసంచిలో నుండి తీసి నా బల్ల మీద పరిచింది ఆ పెద్దావిడే.